తీరంలో సందడి, తలుపులకు తాళాలు

గుజరాత్ కొసన సముద్రంలో ఒదిగిన దీవ్‌కు సెలవు వస్తే చాలు, పర్యాటకులు పోటెత్తుతారు. ఆ దీవి సొంత మనుషులు మాత్రం తరాలుగా బయటి దారి పడుతూనే ఉన్నారు

తెలుగు మీడియంలో చదువుకున్న వారికి ఆ పేరు ఒక జాబితాలో చివరి పదంగానే గుర్తు: గోవా, డామన్, డయ్యూ. పరీక్షకు ముందు రోజు బట్టీ పట్టి, మర్నాడు మరచిపోయిన పేరు. అక్కడికి వెళ్లి 'డయ్యూ' అంటే మాత్రం స్థానికులు ఓ క్షణం ఆలోచించాల్సి వస్తుంది. వాళ్ల నోట అది 'దీవ్'. సంస్కృతంలోని ద్వీపమే అరిగి అరిగి ఆ రూపానికొచ్చింది. మన 'దీవి' పుట్టిల్లూ అదే. దివిసీమ పేరులో ఉన్నదీ అదే మాట. అంటే మనం పోర్చుగీసు రాతను ఇంగ్లిష్ మీదుగా తెచ్చుకుని డయ్యూ అని పలుకుతున్నది అచ్చంగా మన ఇంటి మాటనే.

సౌరాష్ట్ర దక్షిణపు అంచున, నేలకు అంటీ అంటనట్టు ఉంటుందీ దీవి. మధ్యలో ఉన్నది సన్నని సముద్రపు పాయ మాత్రమే. వంతెన మీద బస్సు ఎక్కిందో లేదో అవతలి గట్టు వచ్చేస్తుంది. పొడవు సుమారు 11 కిలోమీటర్లు, వెడల్పు మూడు. గట్టుకు ఇవతల ఉన్న ఘోఘ్లా పట్టణాన్ని కూడా కలుపుకుంటే జిల్లా విస్తీర్ణం 40 చదరపు కిలోమీటర్లకు మించదు. 2011 లెక్కల ప్రకారం జనాభా 52,074. మనవైపు ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత. అయినా దీనికో కలెక్టరు, విమానాశ్రయం, ప్రపంచ చరిత్ర పుస్తకాల్లో ఓ అధ్యాయం ఉన్నాయి.

యానాం తెలిసిన వారికి దీవ్ తేలిగ్గా అర్థమవుతుంది. చుట్టూ ఒక రాష్ట్రం, మధ్యలో మరో ప్రభుత్వం. అక్కడ ఫ్రెంచివాళ్లు, ఇక్కడ పోర్చుగీసువాళ్లు. పన్ను తక్కువ కాబట్టి యానాంలో మందు చవక. దీవ్‌కు అంతకన్నా పెద్ద వరం దొరికింది. 1960లో పుట్టిన నాటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. వారాంతంలో రాజ్‌కోట్, జునాగఢ్, అహ్మదాబాద్ కార్లు ఇటు ఎందుకు తిరుగుతాయో వేరే చెప్పక్కర్లేదు. దీపావళి సెలవుల్లో గది దొరకడమే గగనం. హోటళ్ల ఆదాయానికి ఇది బాగానే ఉంది కానీ, ఊరికి అంటిన పేరు మాత్రం సగమే నిజం. వచ్చిన వాళ్లలో చాలామంది సీసా దగ్గరే ఆగిపోతారు, కోట దాకా వెళ్లరు. వాళ్లు పోగొట్టుకునేది తక్కువేమీ కాదు.

గుర్రపునాడా తీరం

ముందు సముద్రం సంగతి. దీవ్ ఆకర్షణల్లో మొదటి పేరు నాగోవా బీచ్. గుర్రపునాడా ఆకారంలో వంగిన ఇసుక తీరం. దాని వెనక నిలిచిన చెట్లు కొత్తవాళ్లను తికమక పెడతాయి. చూడబోతే తాటిచెట్టే, కానీ మొదలు పైకెళ్లే కొద్దీ రెండుగా, నాలుగుగా చీలిపోతుంది. కొమ్మలున్న తాటిచెట్టు! స్థానికంగా హోకా అంటారు. పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా నుంచి తెచ్చి నాటారని గైడ్లు చెబుతారు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రం ఇది పశ్చిమ తీరంలో సహజంగానే పెరిగే జాతి అని రాశారు. గైడ్ల కథే ఎక్కువ ప్రచారంలో ఉంది. దీవ్‌లో దేన్నయినా పోర్చుగీసు ఖాతాలో వేయడం ఒక అలవాటు.

నాగోవాలో సందడి ఎక్కువ. నీటి స్కూటర్లు, పారాసెయిలింగ్, మొక్కజొన్న పొత్తులు. 2021 నవంబరులో పారాసెయిలింగ్ తాడు తెగి ఒక జంట సముద్రంలో పడిపోయిన వీడియో దేశమంతా చూసింది. లైఫ్ జాకెట్లే వాళ్లను కాపాడాయి. ప్రశాంతంగా ఈదాలనుకునేవారికి పాయకు ఇవతలున్న ఘోఘ్లా తీరం మేలు. శుభ్రతకు, భద్రతకు ఇచ్చే 'బ్లూ ఫ్లాగ్' అంతర్జాతీయ గుర్తింపు 2020లో దేశంలో తొలిసారిగా ఎనిమిది బీచ్‌లకు దక్కితే, వాటిలో ఘోఘ్లా ఒకటి, మన విశాఖ రుషికొండ మరొకటి. 2025 మేలో మొదటి ఖేలో ఇండియా బీచ్ క్రీడలు జరిగిందీ ఘోఘ్లా ఇసుకలోనే.

దక్షిణపు తీరంలో ఇసుక తక్కువ, సున్నపురాయి ఎక్కువ. అలలు కోసిన రాతి గోడల మధ్య, ఫుదమ్ గ్రామం దగ్గర గంగేశ్వర మహాదేవుడి గుడి ఉంది. గుడి అంటే గోపురం ఊహించుకోవద్దు. సముద్రానికి ఆనుకున్న చిన్న గుహ, అందులో ఐదు శివలింగాలు. పాండవులు ప్రతిష్ఠించారని నమ్మకం. ఆటు సమయంలో దర్శనం, పోటు సమయంలో సముద్రమే అభిషేకం చేస్తుంది. అలలు వచ్చి లింగాలను కడిగి వెళ్తుంటే పూజారి అవసరం కనిపించదు.

పట్టణానికి దగ్గర్లోని నాయిడా గుహలు ఇటీవల ఫొటోల పిచ్చి ఉన్న కుర్రకారుకు అడ్డాగా మారాయి. పైకప్పు సందుల్లోంచి ఎండ నిలువుగా దిగుతుంది, గోడల మీద మెట్లు మెట్లుగా కోతలు. ఇవి పూర్తిగా ప్రకృతి చెక్కినవి కావు. కోట కట్టడానికి రాయి తీసిన గనులని చెబుతారు. అంటే అక్కడ ఖాళీగా ఉన్నదంతా ఇక్కడ కోటగా నిలబడిందన్నమాట.

ఒక గడ్డం ఖరీదు

కోట దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాల్సిందే. దీవి తూర్పు కొసన, మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు రాతిని తొలిచిన కందకాలు. బురుజుల మీద ఇప్పటికీ ఫిరంగులు సముద్రం వైపే చూస్తున్నాయి. ఎదురుగా నీటి మధ్య ఓడలా కనిపించే చిన్న కట్టడం పానీకోఠా. ఒకప్పుడు పాయ ముఖద్వారానికి కాపలా, తర్వాత జైలు.

ఇంత చిన్న దీవి కోసం అంత పెద్ద కోట ఎందుకు? ఖంభాత్ సింధుశాఖ ముఖద్వారంలో ఉండటమే దీవ్ చేసుకున్న పుణ్యం, పాపం కూడా. గుజరాత్ నుంచి ఎర్ర సముద్రానికి, పర్షియాకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లే ఓడలకు ఇది మజిలీ. పర్షియా నుంచి బయల్దేరిన పార్శీలు సంజాన్ చేరక ముందు 19 ఏళ్లు ఇక్కడే తలదాచుకున్నారని వాళ్ల 'కిస్సా-ఎ-సంజాన్' చెబుతుంది. 16వ శతాబ్దం మొదట్లో గుజరాత్ సుల్తానుల తరఫున దీవ్‌ను ఏలిన మాలిక్ అయాజ్ బానిసగా వచ్చి గవర్నరైన వ్యక్తి. ఈ రేవును సిరుల పుట్టగా మార్చింది ఆయనే.

1509 ఫిబ్రవరిలో దీవ్ ముందున్న నీళ్లలో జరిగిన యుద్ధం గురించి మన పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి. పానిపట్టుకు ఇచ్చిన చోటులో సగం కూడా దీనికివ్వలేదు. ఒక వైపు ఈజిప్టు మమ్లూక్ సుల్తాను పంపిన నౌకాదళం, గుజరాత్ సుల్తాను, కాలికట్ జామొరిన్ పడవలు. ఇంకో వైపు పోర్చుగీసు వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి అల్మైడా. అంతకు ముందు ఏడాది చౌల్ దగ్గర ఆయన కొడుకు ఇదే కూటమి చేతిలో హతమయ్యాడు. కాబట్టి అల్మైడాకు అది రాజ్యం పని మాత్రమే కాదు, సొంత పగ కూడా. ఒక్క రోజులో తేలిపోయిన ఆ పోరు తర్వాత సుమారు వందేళ్లపాటు హిందూ మహాసముద్రంలో ఓడ కదలాలంటే పోర్చుగీసువాళ్ల అనుమతి చీటీ కావాల్సి వచ్చింది. ఢిల్లీ తక్తు మీద మొగలులు కూర్చోవడానికి 17 ఏళ్ల ముందే సముద్రం చేతులు మారింది.

విచిత్రం ఏమిటంటే, అంత గెలిచినా దీవ్ మాత్రం వాళ్లకు చిక్కలేదు. 1531లో మళ్లీ దండెత్తి భంగపడ్డారు. చివరికి 1535లో గుజరాత్ సుల్తాన్ బహదూర్ షాయే పిలిచి మరీ చోటిచ్చాడు. హుమాయూన్ తరుముకొస్తుంటే ఆయనకు మరో దిక్కు లేకపోయింది. సైనిక సాయానికి బదులుగా కోట కట్టుకునే హక్కు. ప్రమాదం దాటాక ఆ బేరానికి పశ్చాత్తాపపడ్డాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. 1537 ఫిబ్రవరిలో గవర్నర్ నూనో డా కూన్యాను కలవడానికి ఓడ మీదికి వెళ్లిన సుల్తాను తిరిగి ఒడ్డుకు రాలేదు. దారిలో జరిగిన ఘర్షణలో చచ్చి సముద్రంలో పడ్డాడు. మొదట కత్తి దూసింది ఎవరన్న దాని మీద పోర్చుగీసు రాతలది ఒక మాట, గుజరాత్ చరిత్రకారులది మరో మాట.

ఆ తర్వాత రెండు ముట్టడులు. 1538లో ఒట్టోమన్ల ఈజిప్టు గవర్నర్ సులేమాన్ పాషా స్వయంగా నౌకాదళంతో వచ్చాడు. అది ముగిసే సరికి కోటలో ఆయుధం పట్టగలిగిన వాళ్లు 40 మంది కూడా మిగల్లేదని చెబుతారు. 1546లో మళ్లీ ఏడు నెలలు చుట్టుముట్టారు. ఈసారి కోట గోడలు కూలాయి. గోవా నుంచి వచ్చి ముట్టడిని ఛేదించిన గవర్నర్ జొవావ్ డి కాస్ట్రో తన కొడుకునూ పోగొట్టుకున్నాడు, ఖజానానూ ఖాళీ చేసుకున్నాడు. కోటను తిరిగి కట్టాలంటే డబ్బు లేదు. 20 వేల పర్దావులు అప్పు ఇమ్మని గోవా నగర పెద్దలకు లేఖ రాశాడు. తనఖాగా కొడుకు ఎముకలు పంపుదామనుకున్నాడు. శవం ఇంకా తవ్వి తీసే స్థితికి రాలేదు. దాంతో తన గడ్డం వెంట్రుకలు కొన్ని కోసి లేఖతో పంపాడు. గోవా ప్రజలు డబ్బు ఇచ్చి, వెంట్రుకలను గౌరవంగా తిప్పి పంపారు. పోర్చుగల్‌లో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. మీసం తాకట్టు అంటే మనకు సామెత స్థాయి మాటే, అక్కడ మాత్రం నిజంగా గడ్డంతోనే కోట లేచింది.

దీవ్‌లో చూడలేని ఒక దీవ్ వస్తువు కూడా ఉంది. బహదూర్ షా 1533లో పోత పోయించిన భారీ కంచు ఫిరంగి. 'తీరో డి దీవ్' పేరుతో అదిప్పుడు లిస్బన్ సైనిక మ్యూజియంలో ఉంది.

పట్టణంలో మిగిలినవి చర్చిలు, రంగుల ఇళ్లు. తెల్లగా మెరిసే సెయింట్ పాల్ చర్చి నిర్మాణం 1601లో మొదలై 1610లో ముగిసింది. ముఖభాగం మీద సున్నపు అల్లికలు, లోపల నల్లబడిన చెక్క పనితనం. ప్రార్థనలు ఇప్పటికీ సాగుతున్నాయి. సెయింట్ థామస్ చర్చి మ్యూజియమైంది. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిని ఆసుపత్రికి వాడుకున్నారు. జనం తగ్గితే దేవుడి ఇల్లయినా వేరే పనికి ఇవ్వాల్సిందే. పాత పట్టణపు గోడలోని జాంపా ద్వారం మీద ఒకే చోట దేవదూతలు, సింహాలు చెక్కి ఉంటాయి. వ్యాపారుల వీధుల్లోని నగర్ సేఠ్ హవేలీని వెతుక్కుని చూడాలి. పెద్దగా బోర్డులుండవు.

దంతం నుంచి కూలి దాకా

ఫిరంగుల కథ కంటే తక్కువ తెలిసింది, అంతకంటే ఎక్కువ కాలం నడిచింది వ్యాపారం కథ. 1686లో దీవ్ బనియా వ్యాపారుల సంఘానికి మొజాంబిక్‌తో వ్యాపారం చేసే గుత్త హక్కును పోర్చుగీసు పాలకులు ఇచ్చారు. ఇక్కడి నుంచి గుజరాత్ నేత బట్ట వెళ్లేది, అక్కడి నుంచి ఏనుగు దంతం వచ్చేది. మనుషులనూ సరుకుగానే ఓడల్లో వేసిన చీకటి పుట కూడా అందులో ఉంది. దంతం వ్యాపారం దెబ్బతిని, బొంబాయి రేవు పెరిగి దీవ్‌ను మింగేశాక, సరుకు ఆగింది కానీ ఓడల దారి ఆగలేదు. వ్యాపారుల స్థానంలో నేతగాళ్లు, తాపీ మేస్త్రీలు మొజాంబిక్ బాట పట్టారు. ఆఫ్రికా వెళ్లిరావడం దీవ్ కుటుంబాలకు అప్పటి నుంచే మామూలు.

1961 డిసెంబరు దీన్ని మరో మలుపు తిప్పింది. గోవా విమోచన గురించి తెలిసినంతగా దీవ్‌లో జరిగింది మనకు తెలియదు. నిజానికి పోర్చుగీసు సైనికులు గట్టిగా ప్రతిఘటించిన చోట్లలో ఇదొకటి. వైమానిక దళం దీవ్ విమానాశ్రయం మీద బాంబులు వేసింది. సముద్రంలోంచి ఐఎన్‌ఎస్ ఢిల్లీ గుండ్లు కురిపించింది. ఈ ఓడకూ ఓ గతం ఉంది. 1939లో హిట్లర్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీని దక్షిణ అమెరికా తీరంలో వేటాడిన 'అకిలీస్' ఇదే. ఇటు వైపు పోర్చుగీసుకు ఉన్నది వేగా అనే చిన్న గస్తీ పడవ. విమానాలతో తలపడి మునిగింది, కమాండర్ ప్రాణాలు కోల్పోయాడు. డిసెంబరు 19 నాటికి 426 ఏళ్ల పోర్చుగీసు కోట మీద త్రివర్ణ పతాకం ఎగిరింది.

అప్పటికి మొజాంబిక్‌లో ఉన్న భారతీయుల పరిస్థితి తారుమారైంది. ఆగ్రహించిన లిస్బన్ అక్కడి భారత పౌరులను శిబిరాల్లో పెట్టింది, వెళ్లగొట్టింది. పోర్చుగీసు పౌరులుగా మిగిలిన దీవ్ వాసులు అక్కడే ఉండిపోయి, 1975లో మొజాంబిక్ స్వతంత్రమయ్యాక లిస్బన్ చేరారు. అక్కడి నుంచి బ్రిటన్.

సెలవుల కోసం దీవ్ వెళ్లే వాళ్లకు కనిపించీ కనిపించని సంగతి ఇదే. గోవా, డామన్, దీవ్‌లు భారత్‌లో భాగమని పోర్చుగల్ ఒప్పుకున్నది 1974 చివర్లో. ఆ దేశ చట్టం ప్రకారం 1961 డిసెంబరు 19కి ముందు ఇక్కడ పుట్టినవారు, వారి పిల్లలు, మనవలు పోర్చుగీసు పౌరసత్వానికి అర్హులు. లిస్బన్‌లో జననం నమోదు చేయించుకుని పాస్‌పోర్టు పొందితే ఐరోపా యూనియన్‌లో ఎక్కడైనా పని చేసుకోవచ్చు. దీవ్ వాసులు ఎక్కువగా ఎంచుకున్నది లండన్ శివార్లు, లెస్టర్ నగరం. ఫ్యాక్టరీలు, గోదాములు, ప్యాకింగ్ పనులు. భారత్‌లో ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి ఆ పాస్‌పోర్టు చేతికి వచ్చిన రోజున ఈ దేశపు ఓటు పోతుంది.

జనాభా లెక్కల్లో ఒక అంకె ఈ కథనంతా చెబుతుంది. 2011లో దీవ్ జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు వెయ్యికి పైనే ఆడవాళ్లున్నారు. అదే కేంద్రపాలిత ప్రాంతంలోని డామన్ జిల్లాలో ఆరొందల లోపే. ఫ్యాక్టరీలున్న డామన్‌కు దేశం నలుమూలల నుంచి మగవాళ్లు వచ్చి పడుతుంటే, దీవ్ నుంచి మగవాళ్లు వెళ్లిపోతున్నారు. ఫుదమ్ లాంటి గ్రామాల్లో విదేశీ డబ్బుతో కట్టిన కొత్త మేడలు, వాటికి వేసిన తాళాలు చూసినప్పుడు గోదావరి జిల్లాల్లోని గల్ఫ్ ఊళ్లు గుర్తుకొస్తాయి. తేడా ఒక్కటే. గల్ఫ్ వెళ్లినవాడు ఎన్నేళ్లున్నా తిరిగి రావాల్సిందే. పౌరసత్వమే మార్చుకుని వెళ్లినవాడికి తిరిగి రావాల్సిన అవసరం చట్టం దృష్టిలో లేదు.

బ్రిటన్ 2020లో ఐరోపా యూనియన్ నుంచి తప్పుకోవడంతో ఈ దారి ఇరుకైంది. అక్కడ స్థిరపడి ఉన్నవారు దరఖాస్తు చేసుకోవడానికి 2021 జూన్ 30 గడువు. ఆ తర్వాత పోర్చుగీసు పాస్‌పోర్టు ఒక్కటే చూపించి లెస్టర్‌లో పనిలో చేరడం కుదరదు. ముందే వెళ్లినవాళ్లు ఉండిపోయారు. తరువాతి వాళ్లు పోర్చుగల్‌లోనో, జీతాలు మెరుగ్గా ఉన్న మరో ఐరోపా దేశంలోనో కొత్త భాష నేర్చుకోవాలి.

ఎమ్మెల్యే లేని ఊరు

ఇంట్లో ఉండిపోయిన వారి మాటకు ఎంత విలువుందన్నది మరో ప్రశ్న. 1967 జనవరిలో గోవాతో పాటు దీవ్ ప్రజలనూ ఒక విషయం అడిగారు: పక్క రాష్ట్రంలో కలుస్తారా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉంటారా? గోవాకు పక్క రాష్ట్రం మహారాష్ట్ర, దీవ్‌కు గుజరాత్. భాష గుజరాతీ, బంధుత్వాలు గుజరాత్‌లో. అయినా డామన్, దీవ్ ఓటర్లు కలవమన్నారు. ఆ రోజుల్లో పణజిలోని 30 మంది సభ్యుల శాసనసభలో దీవ్‌కు ఒక స్థానం ఉండేది. 1987 మే 30న గోవా రాష్ట్రమైంది. డామన్, దీవ్ విడిగా మిగిలాయి, శాసనసభ లేకుండా. అప్పటి నుంచి దీవ్‌కు ఎమ్మెల్యే లేడు. పుదుచ్చేరి సభలో యానాంకు ఇప్పటికీ ఒక ఎమ్మెల్యే ఉన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

2020 జనవరి 26న డామన్, దీవ్‌లను దాద్రా నగర్ హవేలీతో కలిపి ఒకే కేంద్రపాలిత ప్రాంతం చేశారు. పాలనా వ్యయం, రెండేసి శాఖల గొడవ తగ్గుతుందన్నది కేంద్రం చెప్పిన కారణం. కాదనలేని కారణమే. అయితే 1967లోలాగా ఈసారి ఎవరినీ ఓటు అడగలేదు. రాజధాని డామన్‌లో. మ్యాపులో సింధుశాఖకు అటూ ఇటూ కనిపించినా రోడ్డు మీద చుట్టి వెళ్తే 600 కిలోమీటర్లకు పైనే. 2020 నవంబరులో ఘోఘా, హజీరా మధ్య వాహనాలను మోసుకెళ్లే ఓడ మొదలయ్యాక దూరం కొంత తగ్గింది. హైకోర్టు ముంబైలో. దీవ్ చేతిలో మిగిలింది పార్లమెంటు ఓటు ఒక్కటే, అదీ డామన్‌తో పంచుకోవాలి. 2009 నుంచి వరుసగా మూడుసార్లు భాజపా అభ్యర్థిని గెలిపించిన ఈ నియోజకవర్గం 2024లో ఉమేశ్ పటేల్ అనే స్వతంత్ర అభ్యర్థిని లోక్‌సభకు పంపింది. దేశమంతటా ఆ ఎన్నికల్లో గెలిచిన స్వతంత్రులు ఏడుగురే. ఎమ్మెల్యేలు లేని చోట కోపం చూపడానికి వేరే తలుపు ఉండదు.

అధికారుల పాలనకు మెచ్చుకోదగ్గ ఫలితాలూ లేకపోలేదు. కరెంటుకు పూర్తిగా గుజరాత్ మీద ఆధారపడిన దీవ్, రాళ్లు తేలిన బీడు భూముల్లో సౌరఫలకాలు పరిచి 2016 నుంచి పగటి పూట అవసరాన్ని ఎండతోనే తీర్చుకుంటోంది. సుమారు ఏడు మెగావాట్ల గరిష్ఠ వాడకానికి ఎదురుగా 13 మెగావాట్ల ఉత్పత్తి సామర్థ్యం. అలా దేశంలో ముందు నిలిచిన జిల్లా ఇదే. వీధులు శుభ్రంగా ఉంటాయి. గుజరాత్ గట్టు నుంచి వంతెన దాటగానే ఆ తేడా తెలుస్తుంది.

కొండ మీద ఓడ

చక్రతీర్థ్ తీరం పక్కన మిట్ట మీద అద్దాల పెట్టెలో ఒక ఓడ నమూనా కనిపిస్తుంది. అది ఐఎన్‌ఎస్ ఖుక్రీ. 1971 డిసెంబరు 9 రాత్రి దీవ్‌కు సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో పాకిస్థాన్ జలాంతర్గామి హాంగోర్ ప్రయోగించిన టార్పెడోకు మునిగిపోయింది. స్వతంత్ర భారత నౌకాదళం యుద్ధంలో కోల్పోయిన ఒకే ఒక నౌక. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికిచ్చి ఓడతోపాటే మునిగారు. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. అదే పేరుతో తర్వాత వచ్చిన మరో ఖుక్రీ 2021లో విధుల నుంచి వైదొలిగాక, దాన్ని 2022 జనవరిలో మ్యూజియంగా మార్చడానికి దీవ్‌కు అప్పగించారు. ఇక్కడికి వచ్చే వారిలో ఈ మిట్ట ఎక్కేది కొందరే. సాయంత్రం వెలుగులో ఆ అద్దాల వెనక సముద్రం కనిపిస్తున్నప్పుడు చాలాసేపు మాట రాదు.

పర్యాటకుల వాహనాలు అంతగా తిరగనిది పడమటి కొసన ఉన్న వనకబారా. నిజమైన దీవ్ అదే అనిపిస్తుంది. చెక్క పడవలు కట్టే చోట్లు, దండేల మీద ఆరేసిన చేపలు, వలలు బాగు చేసుకునే మనుషులు. ముక్కు మూసుకోవాల్సి వచ్చినా చూడాల్సిన చోటు. దీవ్ వాసుల్లో బయటికి వెళ్లనివారికి సముద్రమే ఉపాధి. అందులోనూ ఒక సరిహద్దు భయం ఉంది. చేపల వెంట కచ్ వైపు వెళ్లిన పడవలను పాకిస్థాన్ గస్తీ నౌకలు పట్టుకుంటాయి. పట్టుబడిన మనుషులు నెలలు, ఏళ్లు కరాచీ జైల్లో.

ఈ భయం శ్రీకాకుళానికి కొత్త కాదు. ఇక్కడికి 90 కిలోమీటర్ల దూరంలోపే ఉన్న వెరావల్ రేవులో ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఏటా వందల సంఖ్యలో పడవల మీద కూలికి చేరతారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాక్ చేతికి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు మూలం ఆ ఉదంతమే. మన తీరంలో రేవులు, జెట్టీలు చాలినన్ని లేక మన వాళ్లు సౌరాష్ట్ర వస్తే, సౌరాష్ట్ర అంచునున్న దీవ్ వాళ్లు లెస్టర్ వెళ్తున్నారు.

వెళ్లాలనుకునే వారికి నవంబరు నుంచి ఫిబ్రవరి అనువైన కాలం. జూన్‌లో వానలు మొదలయ్యాక సముద్రం దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ దాకా రైలు, అక్కడి నుంచి రోడ్డు మార్గం. రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. ముంబై నుంచి చిన్న విమానం ఉంది, అది దిగేది 1961లో బాంబులు పడిన విమానాశ్రయంలోనే. సోమనాథ్ గుడి, గిర్ సింహాలు దారిలో కలిసొస్తాయి కాబట్టి నాలుగు రోజులు చేతిలో ఉంచుకుంటే హడావుడి ఉండదు. దీవిలో తిరగడానికి అద్దె స్కూటర్ చాలు, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు చూడొచ్చు. వచ్చేటప్పుడు సంచులు ఎవరూ విప్పించరు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం ఊనా దారిలో గుజరాత్ పోలీసులు ఓపిగ్గా చూస్తారు.